అప్ప టోకెను

ఫ్యాక్టరీలో నన్ను పదకొండేళ్ళు మా అప్ప పేరుతో పిలిచారు. నేనూ పలికాను.

అది హైవే పక్కన టార్చిలైట్లు చేసే చిన్న ఫ్యాక్టరీ. రేకు గొట్టంలో స్ప్రింగు పెట్టి, స్విచ్చి బిగించి, బల్బు వెలుగుతుందో లేదో చూసి పక్కకి పెట్టడం మా పని. ముందు చేరింది అప్ప, అంటే మా అక్క. రెండేళ్ళు చేసింది. కడుపుతో ఉండి మానేస్తానంటే, నీ పేరున ఉన్న హాజరు టోకెను వదులుకోకు, మీ చెల్లిని పంపు అన్నాడట సూపర్‌వైజరు. అక్కడ అదే అలవాటు. కొత్తవాళ్ళని వేసుకోవాలంటే పైనుంచి ఆర్డరు రావాలి. ఉన్న టోకెను మీద ఇంట్లోవాళ్ళు ఎవరొచ్చినా అడిగే నాథుడు లేడు. అత్త టోకెను మీద కోడలు, బావ టోకెను మీద బావమరిది. అలా నేను అప్పనయ్యాను. నా పదో తరగతి సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

పేరు మార్పించుకునే అవకాశం ఒకసారి వచ్చింది. టైం ఆఫీసు గుమాస్తా మంచివాడు, పిలిచి మరీ చెప్పాడు. కాకపోతే సర్వీసు మళ్ళీ మొదటినుంచి మొదలవుతుందన్నాడు. అప్ప చేసిన రెండేళ్ళూ నేను చేసిన నాలుగేళ్ళూ గంగలో కలిపేసుకోవడమెందుకని వద్దన్నాను. ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ ఆ సాయంత్రం ఇంటికి పకోడీలు కూడా పట్టుకెళ్ళాను.

తరవాత చైనా లైట్లు వచ్చాయి. బస్టాండు ముందు తోపుడుబండి మీద కుప్ప పోసి అమ్మేవారు. బ్యాటరీలు అక్కర్లేదు, ప్లగ్గులో పెడితే చాలు. మా లైటు ఒకటి కొనే డబ్బుకి అవి రెండొచ్చేవి. నెల్లాళ్ళకే పాడైపోతాయని శాపనార్థాలు పెట్టాం. పాడయ్యాయి కూడా. జనం ఇంకోటి కొనుక్కున్నారు. కరెంటు పోయిన ఒక సాయంత్రం మా సూపర్‌వైజరే చైనా లైటు పట్టుకుని షెడ్డులో తిరుగుతుంటే చూశాం. ఇంక మాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. వారానికి ఆరు రోజుల పని మూడు రోజులయింది. ఒక సోమవారం వెళ్ళేసరికి గేటుకి నోటీసు అంటించి ఉంది.

ఫ్యాక్టరీ మూతపడి పని పోయినవాళ్ళకి, బీమా కార్డుంటే, ప్రభుత్వం కొన్నాళ్ళు సగం జీతమిస్తుందనీ, మందులూ ఇస్తుందనీ, కావాలంటే వేరే పని నేర్పిస్తుందనీ యూనియన్ ఆయన వచ్చి చెప్పాడు. నా రాత గుండ్రంగా ఉంటుందని దరఖాస్తులు నింపే పని నాకే అప్పజెప్పారు. గేటు ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని రెండు రోజులు రాశాను. పని పోవడానికి కారణం అన్నచోట ‘విదేశీ సరుకు పోటీకి తట్టుకోలేక మూత’ అని ఎన్నిసార్లు రాశానో. అందరివీ అయ్యాక నాది తీసుకున్నాను. మొదటి గడిలోనే ఆగిపోయాను. అక్కడ పేరు రాయాలి. కార్డు మీద ఉన్నది అప్ప పేరు, అప్ప ఫోటో. పదకొండేళ్ళు నా జీతంలోంచి కోసి కట్టిన బీమా అంతా దేవరాపల్లిలో కాపురం చేసుకుంటున్న అప్పది.

బస్సెక్కి దేవరాపల్లి వెళ్ళాను. మా బావ భయపడ్డాడు, ఈ కేసుల గొడవ మనకెందుకన్నాడు. అప్ప లోపలికి వెళ్ళింది. చీర మార్చుకుని వచ్చింది.

“నీ కట్టమంతా నా పేరున ఉండిపోయిందే. పద, నానొచ్చి సంతకం ఎడతాను” అంది.

ఆ సంతకంతోనే వచ్చింది చిక్కు. ఇన్నేళ్ళూ రిజిస్టర్లో అప్ప పేరు నేను రాసినట్టే ఉంది. అప్ప రాత వేరు. తిరిగి వచ్చే బస్సులో పాత నోటుపుస్తకం ఒళ్ళో పెట్టి, అప్ప సంతకం అప్పకే నేర్పించాను. గతుకులొచ్చినప్పుడల్లా చెయ్యి అదిరేది. నవ్వుకున్నాం. స్ప్రింగు, స్విచ్చి, బల్బు, వరస తప్పకుండా చెప్పించాను. బడిపిల్లలా అప్పజెప్పింది.

బీమా ఆఫీసులో బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక అప్ప పేరు పిలిచారు. లేచింది నేను. అప్ప కూర్చునే ఉంది. నేను మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచింది.

ఆఫీసరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏం పని చేసేదానివని అడిగితే నేను నేర్పింది నేర్పినట్టు చెప్పింది అప్ప. ఎన్నాళ్ళు చేశావన్నాడు.

“పదమూడేళ్ళు సేసేనండి.”

సంతకం పెట్టింది. నాకంటే బాగా పెట్టింది. ఆయన ముద్ర చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగాడు. పిలిస్తే నువ్వెందుకు లేచావు, నువ్వూ అక్కడే పనిచేశావా అని అడిగాడు. అప్ప తల వంచేసుకుంది. నా వేళ్ళ చివర్న స్ప్రింగులు కోసిన గీతలు ఉన్నాయి. చేతులు పైటలోకి తీసుకున్నాను. ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

“నేదండి. తోడొచ్చేను. నాను ఎప్పుడూ ఎక్కడా పని సెయ్యనేదండి.”

ఆయన తలూపి అప్ప కాగితం మీద ముద్ర వేశాడు.