ఈశ్వరమ్మ బిందె

పుంగనూరు బజారువీధిలో సామాన్ల మీద పేర్లు చెక్కే బాబు సాహెబ్‌కు వయసులో ఉన్నప్పుడు ఒకామెతో స్నేహం ఉండేదనీ, ఆమె పేరు ఈశ్వరమ్మ అనీ, ఆ పేరున్న ఇత్తడి బిందె పాత సామాన్లలో కనబడేసరికి గుండెకు హత్తుకొని కళ్లు తుడుచుకున్నాడనీ ఒక కథ పుట్టింది. పుట్టించింది గాజుల అంగడి సుమలత. ఆమె చూసింది బిందెను, హత్తుకోవడాన్ని, కళ్లు తుడుచుకోవడాన్ని. మిగతాదంతా ఆమె సొంతం. మధ్యాహ్నానికి ఆ కథ మురళి టీ అంగడి దాకా పోయింది. సాయంత్రానికి చౌడేపల్లె ఆటో ఎక్కింది.

ఆ ఆటోలో ఒక మూల వాణి ఒదిగి కూర్చొని ఉంది. ఈశ్వరమ్మ ఆమె అవ్వ. బిందెను అంగడికి తెచ్చిందీ వాణే.

ఇంటికి కుళాయి వచ్చాక ఆ బిందె మూలన పడింది. అడుగున సొట్ట, అంచున చీలిక. పాతది ఇచ్చి కొత్త కుక్కరు తెమ్మని అమ్మ చెప్పింది. "తీసకపోండి, ఇంగ ఎవురు మోస్తారు దాన్ని," అంది అవ్వ కూడా. వాణి దాన్ని ఒళ్లో పెట్టుకొని, తాను పనిచేసే గిరీష్ స్టీలు అంగడికి తెచ్చి పాత సామాన్ల కుప్పలో వేసింది. ఆ కుప్పలోంచే బాబు సాహెబ్ దాన్ని తీశాడు. బదులుగా గిరీష్‌కు ఏమో ఇచ్చి ఇంటికి తీసుకుపోయాడు.

వాణి ఆ అంగడిలో చేరి రెండేళ్లయింది. ఇంటర్ మొదటి ఏడాదిలో అమ్మకు ఆపరేషన్ అయితే ఇంటిపని కోసం చదువు మానింది. అమ్మ కోలుకునేసరికి తోటి పిల్లలు డిగ్రీలో ఉన్నారు. మళ్లీ చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి ఆమెకు సిగ్గనిపించింది. నలుగురిలో నోరు తెరవడం ఎప్పుడూ చేతకాదు. "మా వాణి బేరం చేసిన రోజు నేను అంగడికి సెలవిస్తా," అంటాడు గిరీష్. మాటలు రాకపోయినా చూడటమంటే మాత్రం ఆమెకు విసుగు లేదు. ఎదురుగా మందుల అంగడి మెట్టు మీద పడుకునే నల్లకుక్క అంబులెన్సు కూతకు కదలదు గానీ, బన్ను కవరు చప్పుడుకు లేస్తుంది. పూలమ్మే విజయమ్మ మూర వేసేటప్పుడు తెలిసినవాళ్లకు చెయ్యి కాస్త సాగుతుంది. మదనపల్లెకు పోయే టమోటా లారీ స్పీడ్‌బ్రేకరు ఎక్కి దిగితే ఒకటో రెండో పండ్లు రాలతాయి. వాటి కోసం ఒక పొట్టి ఆవు రోజూ పదకొండుకల్లా వచ్చి అక్కడే నిలబడుతుంది. ఒకసారి ఒకతను బీరువా అద్దాన్ని తలమీద వెల్లకిలా పెట్టుకొని పోతుంటే, పైన మేడ మీదికి సామాను తేవడానికి వెళ్లిన వాణికి కరెంటు తీగలు, పావురాలు, ఒక మబ్బు తునక అన్నీ వీధివెంట నడుస్తూ పోవడం కనిపించింది. ఆ రోజంతా ఆమె ఒంటరిగా నవ్వుకుంది.

కథ ఆటో ఎక్కిన రాత్రి ఇంట్లో నాయన మునిశేఖర్ అన్నం ముందు కూర్చొని ముద్ద ముట్టలేదు. తరతరాలుగా కూలికి పోయిన ఇంట్లో మొదటిసారి నెలజీతం తెచ్చినవాడు ఆయన. పాల కేంద్రంలో ఉద్యోగం. ఊళ్లో తలెత్తుకొని తిరగడం అలవాటైన మనిషి.

"నా తల్లి పేరు ఆటోల్లో ఇనబడతాండాది. నువ్వేమో ఆ సాయిబు పక్కనే కూసోని పని జేస్తాండావు. శనివారం దాకా పోయి, గిరీష్‌కు సెప్పేసి రా. చాలు," అన్నాడు. "ఈ మాట అవ్వ చెవిన పడనీయొద్దు."

వాణికి ఇంటి వెనక గోడ, గోడ పక్కన కోళ్లగూడు, గూటి మీద ఆరేసిన గోనెసంచి గుర్తొచ్చాయి. ఇకమీదట చూడటానికి అవే.

ఇంతమంది ఇన్ని మాటలు అనుకున్నారు గానీ, బాబు సాహెబ్‌ను ఎవరూ అడగలేదు. అడగాల్సింది తానేనని వాణికి తెలుసు. గురువారం మంచినీళ్లు ఇచ్చే నెపంతో దగ్గరికి పోయి, నీళ్లు ఇచ్చి వచ్చేసింది. శుక్రవారం టీ ఇచ్చి వచ్చేసింది.

బాబు సాహెబ్ డెబ్బై ఏళ్ల మనిషి. గళ్ల లుంగీ, దారం కట్టిన కళ్లజోడు. గిరీష్ అంగడి మెట్టు మీద కూర్చొని కరెంటు మిషనుతో చెంబుల మీద, పళ్లేల మీద పేర్లు వేస్తాడు. పెళ్లికి గంగాళం పెట్టినా, గృహప్రవేశానికి పళ్లెం పెట్టినా ఇచ్చినవాళ్ల పేరు లేకపోతే ఈ ఊళ్లో అది ఇచ్చినట్టు కాదు. కానీ ఆ మిషను గీతలు ఎవరికీ నచ్చవు. "ఉలితో కొట్టే రోజుల్లో సాయిబు అక్షరాలు మల్లెమొగ్గలు గుచ్చినట్టు ఉండేవి. పెళ్లాం పోయినాక ఆ చెయ్యే పోయింది," అంటారు పెద్దవాళ్లు. ఆ రోజుల్లో ఆయన అంగడి ముందర కూర్చునేవాడు కాదు. సైకిలుకు సంచి తగిలించుకొని వచ్చి, సామాన్లు వేసుకొని, "రేపు తెస్తా" అని పోయేవాడు. మదనపల్లె అంగళ్ల నుంచి కూడా ఆయనకు పని వచ్చేది.

శుక్రవారం సాయంత్రం ఆటో కోసం నడుస్తుంటే మసీదు వెనక సందులో ఎవరో కిటికీకి చిన్న మేకులు కొడుతున్నారు. టిక్, టిక్, టిక్. వాణి ఆగిపోయింది. అది ఆమె బడి దారి. ఏడో తరగతి నుంచి పది దాకా రోజూ బస్సు దిగి ఆ సందులోనే పోయేది. పచ్చ తలుపు ఇంటిలోంచి ఇదే చప్పుడు వచ్చేది. మూడు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ మూడు. ఆ చప్పుడుకు అడుగులు కలుపుతూ నడిచేది. భుజాన సంచి బరువు, ఎవరింట్లోనో కొత్తిమీర కడిగిన వాసన, గంట కొట్టకముందే చేరాలన్న తొందర. అన్నీ ఒక్కసారిగా వచ్చి చుట్టూ నిలబడ్డాయి. వాటితోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఒకరోజు బాబు సాహెబ్ సందు మొదట్లో, మురళి టీ అంగడి దగ్గర, సాసరులో టీ పోసుకొని ఊదుకుంటున్నాడు. నాలుగడుగులు వేసేసరికి పచ్చ తలుపు వెనక టిక్, టిక్, టిక్. ఆ వయసులో అది వింతగా తోచింది. బడిగంట కొట్టగానే మరిచిపోయింది.

శనివారం మధ్యాహ్నం గిరీష్ భోజనానికి పోయాక ఆమె మెట్టు దిగింది.

"తాతా, మీ ఇంట్లో కొడతా ఉన్నింది ఎవురు?"

మిషను ఆగింది. "యా కాలం మాటమ్మా?"

"నేను బడికి పోయే కాలం. నువ్వు టీ తాగతాంటివి. లోపల టిక్ టిక్ అంటాంది."

ఆయన కళ్లజోడు తీసి లుంగీ కొసతో తుడిచాడు. "వీధంతా నా చెయ్యి సూసినారు గానీ, నా చేతిలో టీ ఉన్నింది నువ్వొక్కదానివే సూసినావు," అన్నాడు. "రామ్మా, దగ్గరే."

పచ్చ తలుపు ఇప్పుడు రంగు పోయి ఉంది. లోపల గోడకు చెక్క అర. దాని మీద పదకొండు సామాన్లు వరుసగా ఉన్నాయి. చెంబులు, పళ్లేలు, ఒక పాల క్యాను మూత. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పేరు. వెంకటగిరికోట వాళ్లది ఒకటి, గుడుపల్లె వాళ్లది ఒకటి. చివరన సొట్టబోయిన బిందె. అన్నింటి మీదా అవే అక్షరాలు, చుక్క పక్కన చుక్క, అల్లినట్టు.

"అన్నీ నా పెళ్లాం గుల్జార్ బీ కొట్టినవేనమ్మా. కుప్పంలో ఆయమ్మ నాయన ఇత్తడి పనోడు. ఆయన దగ్గర నేర్చుకొనింది. ఐదు దాకా సదివింది, తర్వాత మాన్పించినారు. నాకు ఆ పని రాలేదు. తేవడం, తిరిగియ్యడం, అంతే నా పని. ఆడమనిషి కొట్టిందంటే కూలి కోస్తారని మొదట్లో సెప్పలేదు. తర్వాత సెప్పేదానికి మొగం సెల్లలేదు."

"ఆయమ్మ అనలేదా తాతా?"

"'నీ చెయ్యి బంగారం అంటాండారు గదా, తిను ఆ బంగారం' అని ఎగతాళి జేసేది." ఆయన నవ్వబోయి ఆగాడు. "ఊరందరి పేర్లూ కొట్టింది. మా ఇంట్లో గిన్నెల మీద ఒక్క చుక్క లేదమ్మా. పోయినాక ఎదికితే ఆయమ్మ చేతిది ఒక్కటీ లేదు. అందుకే పాత కుప్పలు ఎదకతాండా."

తర్వాత బిందె దించి ఆమె ముందు పెట్టాడు. ఈశ్వరమ్మ అన్న పేరులో మొదటి అక్షరాలు తిన్నగా ఉన్నాయి. చివరికొచ్చేసరికి చుక్కలు కిందికి జారి, మళ్లీ పైకి ఎక్కాయి.

"ఇది కొడతాంటేనే నొప్పులొచ్చినాయి. మా తబస్సుమ్ పుట్టింది. పురుడు లేచినాక మిగిలింది పూర్తి జేసింది. దీన్ని మళ్లీ సూస్తానని అనుకోలేదు."

వాణి వేలితో ఆ జారిన చుక్కలు తడిమింది. ఎలా చెప్పాలో తెలియక ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "ఈశ్వరమ్మ మా అవ్వ తాతా. వీధిలో నిన్నూ మా అవ్వనూ కలిపి అనుకుంటాండారు. మా నాయన నన్ను ఇంగ పనికి పోవద్దన్నాడు."

బాబు సాహెబ్ బిందెను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు. "తీసకపో. మీ నాయనకు సూపించు. అంతా సెప్పు. నేను ముప్పై ఏండ్లు దాచిన మాట నీకు అడ్డం పడగూడదు."

ఇంటికొచ్చి వాణి బిందెను నడింట్లో పెట్టింది. జీవితంలో మొదటిసారి నాయన ముందర అంతసేపు మాట్లాడింది. మూలన వక్క కొరుకుతున్న అవ్వ చెవిన అంతా పడింది.

అవ్వ ముందు నవ్వింది. "ఆ సాయిబు నల్లగుండాడో ఎర్రగుండాడో నాకు దెలీదు. మీ తాతే తీసకపోయి ఏయించుకొచ్చినాడు. కూలిడబ్బులు కూడబెట్టి కొన్న మొదటి ఇత్తడి సామాను అది. పేరు కొట్టించి తెస్తానని పోయి, ఒట్టిచేతులతో వచ్చినాడు. రేపు రేపు అని ఆ సాయిబు పదైదు దినాలు తిప్పినాడంట. ఇంటికొచ్చి ఆయప్పను తిట్టిందే తిట్టు." వక్క మింగి, బిందెను తనవైపు లాక్కుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకొని ఆ వంకర చుక్కలు చూసింది. "పాపం, ఆ తల్లి కాన్పులో ఉన్నింది. మేము తిట్టుకుంటిమి."

మునిశేఖర్ అన్నం పూర్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "సోమవారం ఆటోలో పోయేది యాల, నా బండి మీదే దింపుతాలే. ఆ బిందె ఆయప్పకే ఇచ్చేద్దాం," అన్నాడు.

సోమవారం ఆయన అంగడి ముందర బండి ఆపి, బిందెను తానే దించి బాబు సాహెబ్ పక్కన పెట్టాడు. ఇద్దరూ తల ఊపుకున్నారు, అంతే. బండి మలుపు తిరిగిందో లేదో సుమలత గాజుల పెట్టె వదిలేసి వచ్చింది.

"ఏమ్మే వాణీ, ఈశ్వరమ్మ బిందె మళ్లీ సాయిబు దగ్గరికే వచ్చిందే. మీ అవ్వే పంపించిందా?"

విజయమ్మ మూర వేయడం ఆపింది. గిరీష్ లోపలి నుంచి తల బయట పెట్టాడు. వాణి బాబు సాహెబ్ వైపు చూసింది. ఆయన మిషను ప్లగ్గు తీసి పక్కన పెట్టి, ఆమెకు తల ఊపాడు.

"ఆ బిందె మీద పేరు మా అవ్వది సుమలతక్కా," అంది వాణి, వీధికి వినబడేలా. "కొట్టింది మాత్రం ఈయన కాదు. ఈ ఊళ్లో ముప్పై ఏండ్లు అందరి పేర్లూ కొట్టింది గుల్జార్ బీ."