రాహేలక్క విడిచిపెట్టిన వచనం

పొద్దున మా వాకిట్లో నల్లా మొదట నీళ్ళు ఇవ్వదు, గాలి ఇస్తుంది. బుస్సుమంటుంది, దగ్గు ఆపుకున్న మనిషిలా కాసేపు ఆగుతుంది, మళ్ళీ బుస్సుమంటుంది. ఆ చప్పుడు చెవిన పడగానే స్టీలు చెంబు పట్టుకుని బయటికి వస్తాను. గాలి పోయి ధార కుదురుకున్నాక మొదటి చెంబు నింపి, మూత పెట్టి, గడప పక్కనున్న నాపరాయి మీద పెడతాను. ఆ రాయి నా మోకాలి ఎత్తు కూడా ఉండదు. గోడ పట్టుకుని వంగితే తప్ప ఇప్పుడు నాకు అందదు. అంత కింద ఎందుకు పెట్టావని చూసినవాళ్ళు అడుగుతారు. ఆ రాయి అక్కడికి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే రాహేలక్క గురించి చెప్పాలి. ఆమె పోయి మూడేళ్ళు దాటింది. మా ఊరి పొలిమేర దాటితే ఆమెను ఎరిగినవాళ్ళు లేరు.

నార్కట్‌పల్లిలో బస్సు దిగి ఆటోలో లోపలికి వస్తే మా ఊరు. మా బోర్ల నీళ్ళు చూడటానికి అద్దంలా ఉంటాయి, కానీ ఫ్లోరైడ్ నీళ్ళు. పిల్లలకు పళ్ళు గారపడతాయి, పెద్దలకు కీళ్ళు బిగుసుకుంటాయి. రాహేలక్క ఈ ఊళ్ళోనే పుట్టింది, ఈ ఊళ్ళోకే ఇచ్చారు, పుట్టినప్పటి నుంచి ఈ నీళ్ళే తాగింది. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను ఆమెను బాగా ఎరిగేనాటికే నడుము నాగలి మేడిలా వంగిపోయి, ముఖం నేలవైపే ఉండేది. కర్ర పట్టుకుని నడిచేది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే కూర్చుని పక్కకు వాలాలి. అందుకని మనుషులను కాళ్ళను బట్టి గుర్తుపట్టేది. నేను పలకరించక ముందే, "సత్తెమ్మా, మడిమెలు పగిలి రక్తం కారుతాంది, జర ఆముదం రాసుకోరాదే" అనేది. ఎవరికి కాళ్ళు వాచాయో, ఎవరి చెప్పుల తెగిన ఉంగటానికి పిన్నీసు పెట్టారో ముందు ఆమెకే తెలిసేది.

గురువారం మధ్యాహ్నం చర్చి వసారాలో స్త్రీల కూడిక ఆమే నడిపేది. బైబిలు నేల మీద పెట్టుకుని చదివేది. "నడుము వంగినోళ్ళకు సదువుడే అల్కటి పని, తల ఎట్లాగో కిందికే ఉంటది" అని నవ్వేది. కథ చెప్పాక రెండు పనులు చెప్పేది. ఆ కథలో ఉన్న వస్తువు మన ఇంట్లో ఏముందో వెతుక్కోవాలి, దానితో ఆ వారం ఒక పని చేయాలి. రెండోది, ఇంటికి పోయి ఆ అధ్యాయం చదవాలి, చదువు రానివాళ్ళు చదివించుకోవాలి. "నేను చెప్పింది నమ్మొద్దు. ముసల్దాన్ని, ఒక్కటి మరుస్త, ఒక్కటి కలుపుత. మీ కండ్లతోని సూడుండ్రి" అనేది. నేను మూడో తరగతి దాకా చదివి పత్తి చేన్లకు పోయినదాన్ని. అక్షరాలు మిగిలాయి గాని మాటలు చదివే అలవాటు పోయింది. ఆమె పెట్టిన ఈ నియమం వల్ల వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, నలభై ఏళ్ళు దాటాక మళ్ళీ చదువు పట్టుకున్నాను.

మొదట్లో నేను కూడికకు పోయింది కూర్చుని పత్తి గింజలు తీసుకోవచ్చని. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఒక గురువారం ఆమె నాణెం పోగొట్టుకున్న ఆడమనిషి కథ చెప్పింది. దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెతికిన మనిషి. "చీపురు లేని ఇల్లున్నదా? పోయి మూలమూల ఊడ్వుండ్రి. ఏం దొరికిందో వచ్చే వారం చెప్పుండ్రి" అంది. ఊడ్చే పని కాబట్టి నాకు కష్టమనిపించలేదు. వడ్ల గుమ్మి జరిపి ఊడిస్తే వెనక తుప్పు పట్టిన కొడవలి దొరికింది. ఆ కొడవలి పక్కింటి మల్లమ్మ తీసుకుపోయి ఇవ్వలేదని నేను వాడకట్టంతా చెప్పాను. మూడేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

మరుసటి గురువారం ఏమీ దొరకలేదని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. కొడవలి సంగతి చెప్పాను.

"నాణెం దొరికినామె ఏం చేసింది?" అంది రాహేలక్క.

"సంతోషపడ్డది."

"ఒక్కతే సంతోషపడ్డదా? సదివినవు గద."

"పక్కింటోళ్ళను పిలిచింది" అన్నాను మెల్లగా.

"నీ పక్కింట్ల ఎవలుంటరు?"

ఆడవాళ్ళందరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ సాయంత్రం గోడ దగ్గర నిలబడి మల్లమ్మను పిలిచాను. కొడవలి దొరికిందని చెప్పాను.

"ఎవలింట్ల?" అంది.

"మా ఇంట్లనే. గుమ్మి ఎనక."

"అయితే మూడేండ్ల సంది మీ గుమ్మిని దొంగ అనాల్సింది. నన్నంటివి."

"తప్పయింది. చాయ్ పోస్త, రా."

"చక్కెర మంచిగ వెయ్యి. మూడేండ్ల బాకీ" అంటూనే గడప దాటి వచ్చింది. అప్పటి నుంచి ఈనాటి వరకు మల్లమ్మ రోజూ మా ఇంటికి వస్తుంది. ఆమె దేవుడు వేరు, నా దేవుడు వేరు, చాయ్ మాత్రం ఒకటే గిన్నెలో కాగుతుంది.

ఇంతవరకు చెప్పింది నేను నవ్వుతూ చెప్పగలిగేది. ఇకముందుది ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో కొడుకూ కోడలూ పని కోసం హైదరాబాదు పోతూ, ఎనిమిదేళ్ళ మనవరాలు కృపను నా దగ్గర విడిచి వెళ్ళారు. పిల్ల ముందు పళ్ళ మీద అప్పటికే గోధుమరంగు గీతలు మొదలయ్యాయి. బోరు నీళ్ళు మాన్పించమని దవాఖానలో చెప్పారు. అప్పుడు మా ఊళ్ళో నల్లాలు లేవు. ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు ఆటోలో వచ్చేవి, కొనుక్కోవాలి. నీళ్ళు కొనడం నా ఒంటికి పడే పని కాదు. అయినా పిల్ల కోసం కొన్నాను. క్యాన్ కృపకు ఒక్కదానికే. నేను బోరు నీళ్ళే తాగాను, వచ్చినవాళ్ళకూ అవే పోశాను. ఆ క్యాన్‌ను లోపల ఎత్తు స్టూలు మీద పెట్టి పాత చీర కప్పాను. దుమ్ము పడకుండా అని పిల్లకు చెప్పాను. నిజం వేరు. రాహేలక్క ఇంటికీ చర్చికీ మా ఇల్లు సగం దూరం. ప్రతి గురువారం ఆమె మా గడప మీద కూర్చుని, దూపయితాందని నీళ్ళు అడిగేది. ఆమె కళ్ళు అంత ఎత్తు చూడలేవని నాకు తెలుసు.

రెండు ఎండాకాలాలు అలాగే నడిచింది. ఆ రెండో ఎండాకాలంలో ఒంటిపూట బడి నుంచి కృప వచ్చేసరికి రాహేలక్క గడప మీద కూర్చుని ఉంది. పిల్ల బడి సీసాలో మిగిలిన నీళ్ళు తీసుకెళ్ళి కోళ్ళ చిప్పలో పోసింది. అలా చేయమని నేర్పింది నేనే. ఏదీ పారబోయకూడదు.

"ఏం నీళ్ళు బిడ్డా అవి?" అంది రాహేలక్క. చిప్ప నేల మీదే ఉంటుంది కాబట్టి ఆమెకు బాగా కనిపిస్తుంది.

"ఫిల్టర్ నీళ్ళు రాహేలవ్వా. మిగిలినయి కోళ్ళకు పొయ్యమంటది మా అవ్వ."

నేను లోపల కుండలోంచి బోరు నీళ్ళు ముంచుతున్నాను. కృప పరుగెత్తుకొచ్చి, "అవ్వా, రాహేలవ్వకు గూడ క్యాన్ నీళ్ళు పోద్దామా?" అంది.

"నోర్ముయ్" అన్నాను. "ఆమె ఇప్పుడు ఏ నీళ్ళు తాగితే ఏంది? ఆ నడుము ఇగ లేస్తదా?"

మెల్లగానే అన్నాను. కానీ మా ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. గ్లాసు తీసుకుని బయటికి వచ్చేసరికి ఆమె నేలవైపు చూస్తూనే ఉంది. ఎప్పుడైనా నేలవైపే చూసేది కాబట్టి ముఖంలో ఏముందో తెలియలేదు. గ్లాసు అందుకుంది, ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది, ఎప్పటిలాగే "దేవుడు నీ ఇంటిని దీవించుగాక" అంది. కర్ర వెతుక్కుని లేచింది.

మరుసటి గురువారం కర్ర చప్పుడు మా ఇంటి ముందు ఆగకుండా పోయింది. నేను కూడికకు వెళ్ళి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ రోజు ఆమె తీసుకున్న కథ, పద్దెనిమిదేళ్ళు నడుము వంగిపోయి ఎంతమాత్రం నిలబడలేని ఆడమనిషిది. అందరి ముందు నా పరువు తీయడానికే ఈ కథ పట్టుకుందనుకున్నాను.

"ఆమె యేసయ్యను సూడలే" అంది రాహేలక్క. "ఎట్ల సూస్తది? మాకు కాళ్ళు తప్ప ఏం కానరావు. గుంపుల ఎన్ని కాళ్ళుంటయో, అండ్ల ఆయన కాళ్ళేవో ఎట్ల తెలుస్తది? ఆయనే సూసిండు. ఆయనే దగ్గరికి పిలిచిండు. ఆమె అడుగనన్న అడుగలే."

ముందు కూర్చున్న ఒక కొత్త కోడలు ఉండబట్టలేక, "మరి నిన్నెందుకు సక్కగ చెయ్యలే అక్కా?" అంది. పక్కనున్నవాళ్ళు ఆ పిల్లను గిల్లారు.

రాహేలక్క నవ్వింది. "పిలిచిండు బిడ్డా, నన్ను గూడ పిలిచిండు. నడుము సంగతి మాత్రం ఇంక ఎత్తలే. నేను దినాం యాది చేస్తనే ఉన్న."

తర్వాత, యేసయ్య ఆమెను విశ్రాంతి దినాన బాగుచేశాడని అక్కడి ప్రార్థన మందిరం పెద్దమనిషి కోపం చేసుకున్న సంగతి చెప్పింది. పని చేయడానికి ఆరు రోజులున్నాయి, విశ్రాంతి దినాన ఎందుకు వచ్చారని అతను జనం మీద అరిచాడు. "అప్పుడు యేసయ్య ఒక్క మాటన్నడు. ఆ మాటకు వాళ్ళ నోళ్ళు మూతబడ్డయి" అని, ఆ మాటేమిటో చెప్పకుండానే పుస్తకం మూసింది. ఇంట్లో ఏ వస్తువు వెతకాలో కూడా చెప్పలేదు. "లూకా పదమూడు. సదువుకోండ్రి" అంది, అంతే. అన్నేళ్ళలో ఆమె అలా మధ్యలో వదిలేయడం నేను ఎన్నడూ చూడలేదు.

పొద్దు గూకకముందే గడప మీద కూర్చుని వేలు పెట్టి చదివాను. మీలో ప్రతివాడూ విశ్రాంతి దినాన తన ఎద్దునో గాడిదనో విప్పి, తోలుకుపోయి, నీళ్ళు పెట్టడా అని అడుగుతాడు ఆయన. పశువుకు నీళ్ళు పెట్టేవాళ్ళు ఈ ఆడబిడ్డను బాగుచేస్తే ఎందుకు మండిపడుతున్నారని. తప్పు చదివానేమోనని మళ్ళీ మొదటి నుంచి చదివాను. తప్పు చదవలేదు. నా ఎదురుగా చిప్పలో ముక్కు పెట్టి కోడి ఫిల్టర్ నీళ్ళు తాగుతోంది.

నేను ఏడ్చే మనిషిని కాను. మగడు పోయిననాడు కూడా పశువుల పని చేసుకున్నాకే కూర్చున్నాను. మరునాడు పొద్దున్నే కొత్త క్యాన్ నెత్తిన పెట్టుకుని రాహేలక్క ఇంటికి నడిచాను. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నా కాళ్ళు చూసి, "సత్తెమ్మా, ఏంది, బరువు మోస్తున్నట్టున్నవు? అడుగులు గట్టిగ పడుతున్నయి" అంది.

క్యాన్ దించాను. "అక్కా, నిన్న ఒక్క వచనం ఇడిసిపెట్టినవు."

"ఏది?"

"ఎద్దుకు నీళ్ళు పెట్టేది."

ఆమె చేతిలో చింతపండు పక్కన పెట్టింది. "సదివినవన్నట్టు" అంది. "నీకే ఇడిసిపెట్టిన. అందరి ముంగట చెప్తే నువ్వు మల్ల కూడిక మొఖం సూస్తవా? ఇంట్ల అయితే నువ్వు, ఆయన, ఇద్దరే ఉంటరు."

"నేనన్న మాట విన్నవు గద?"

"ఇన్న. నువ్వన్నది నిజమే, నా నడుము ఇగ లేవదు." చింతపండు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "గని దూప నడుముకు గాదు గదనే అయ్యేది."

లోపలికి పోయి గ్లాసు తెచ్చి, క్యాన్ మూత తీసి నీళ్ళు పోసి ఇచ్చాను. ఆమె సగం తాగి, గ్లాసు నాకే తిరిగి ఇచ్చింది. "తాగు. నీ ఎముకలు గూడ ఇనుపయి గావు" అంది. క్యాన్లు కొనడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ నీళ్ళు నేను రుచి చూడటం అదే మొదటిసారి. ఆ వెంటనే, "కోళ్ళు సల్లగున్నయా? వాటికి తక్కువ చెయ్యకు" అని ఆమె పకపకా నవ్వింది. అప్పుడు నేను ఏడ్చాను. అది ఆమెకు కనిపించలేదు, చెంగుతో ముఖం తుడుచుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

ఆ సాయంత్రమే పాత గోడ దగ్గర పడి ఉన్న నాపరాయిని మల్లమ్మా నేనూ దొర్లించుకొచ్చి గడప పక్కన వేశాం. క్యాన్ ఎత్తు స్టూలు దిగి ఆ రాయి మీదికి వచ్చింది. గురువారం మళ్ళీ కర్ర చప్పుడు ఆగింది. నేను పోయక ముందే రాహేలక్క తనే వంచుకుని తాగింది. ఊళ్ళోకి మంచినీళ్ళ నల్లా వచ్చిననాడు మొదటి చెంబు ఆమె ఇంటికే పట్టుకుపోయాను. రెండు గుక్కలు తాగి, "సప్పగున్నయే, ఉప్పేసుకోవాలె" అంది. పోయేదాకా నల్లా నీళ్ళే తాగింది. నడుము మాత్రం లేవలేదు. పెట్టెలో కూడా పక్కకు ఒరిగించి పడుకోబెట్టాల్సి వచ్చింది. అట్లా పడుకోబెట్టినప్పుడే మా ఊళ్ళో చాలామంది ఆమె ముఖం నిండుగా చూశారు.

కృప ఇప్పుడు నల్లగొండలో కాలేజీ చదువుతోంది. పోయిన నెల వచ్చినప్పుడు, "అవ్వా, నీ మోకాళ్ళు నొస్తున్నయి గద, చెంబు కిటికీల పెట్టుకుందాం" అంది. పెట్టనివ్వలేదు. ఆ చెంబులో నీళ్ళు తాగేవాళ్ళు చాలామంది. కరెంటు బిల్లు కొట్టేవాడు, కూరగాయల బండి ఆమె, ఇంట్లో అదే నల్లా ఉన్నా మా నీళ్ళే బాగుంటాయనే మల్లమ్మ. సాయంత్రానికి మిగిలినవి కోళ్ళకు పోస్తాను, పారబోయను. లోపల నేల మీద కూర్చుని కూర తరుగుతుంటే గుమ్మానికి కట్టిన పరదా కింద నుంచి నాకు వాళ్ళ కాళ్ళే కనిపిస్తాయి. ఎవరని అడగను. మడమలు పగిలి ఉంటే మాత్రం ఆముదం రాసుకొమ్మని లోపలి నుంచే చెబుతాను.