మైకు లేని ఏడుపు

మా చిన్నత్త పోయింది. ఈ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, భోంచేసి పడుకున్న మనిషికి నిద్రలోనే గుండె ఆగింది. ఆ సమయానికి నేను చెన్నైలోనే, పురసవాక్కం బజార్లో చీరకు ఫాల్ కొంటున్నాను. ఇంటికొచ్చి చూస్తే కిటికీలోంచి ఎండ ఆమె పాదాల మీద పడుతోంది. ఇంకాసేపట్లో లేచి కాఫీ అడుగుతుందనే అనిపించింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. కోడంబాక్కంలో డబ్బింగ్ చెప్పేది. ఆమె గొంతు మీరూ వినే ఉంటారు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఏడుపు, బిడ్డ దొరికిన ఏడుపు, ఏదడిగినా చిటికెలో ఇచ్చేది. చీకటి గదిలో తెర మీది పెదాలను చూస్తూ ఆమె ఏడుస్తుంటే సౌండ్ ఇంజనీరు కూడా కళ్ళు తుడుచుకునేవాడట.

ఆ విద్యే ఇంట్లో ఆమె కొంప ముంచింది. బస్సు దొరక్క నేను అరగంట ఆలస్యమైతే చాలు, "నువ్వూ నన్ను వదిలేస్తుండావు" అని పళ్ళెం విసిరేసేది. పొద్దున బంగారు తల్లిని, సాయంత్రానికి పామును. మర్నాడు నా జడ వేస్తూ, క్షమించమని వెక్కివెక్కి ఏడ్చేది. మా నాయనమ్మ వంటింట్లోంచే అనేది: "మైకు ఆపేసినారు గదే. ఇంక చాలించు." అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

తానెవరో అత్తకు తెలిసేది కాదు. నాతో ఉంటే నా మాటతీరు, పక్కింటామెతో ఉంటే ఆమె నవ్వు వచ్చేసేవి. ఒకసారి అద్దం ముందు కూర్చుని, "ఈ ముఖానికి గొంతు ఎవురు చెప్తుండారే?" అంది. తమాషాకనుకున్నాను.

చివరికి నేనే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని ఆవిడ ఓపిగ్గా వివరించింది. "నటన కాదమ్మా. మనకు గీరుకున్నట్టుండేది ఆమెకు కాలినట్టుంటుంది" అంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త నా చెయ్యి వదల్లేదు. "నాది నిజం ఏడుపేనని చెప్పింది చూడు. డాక్టరమ్మే చెప్పింది." దారంతా అదే మాట.

ఆ తర్వాత ఆమె ఏడిస్తే, "ఎంతదాకా వచ్చిందత్తా?" అని అడిగేదాన్ని. వానలకు మా వీధిలో నిలిచే నీళ్ళకు చూపించినట్టు, మోకాలి దగ్గరో గొంతు దగ్గరో చెయ్యి పెట్టి చూపించేది. గొంతుదాకా ఉంటే పక్కన కూర్చునేదాన్ని. ఏడుపు మెల్లగా దిగేది. ఒక మనిషి పక్కన ఊరికే కూర్చోవడం నాకు నేర్పింది ఆమే. నాయనమ్మ మాత్రం నమ్మలేదు. "డాక్టర్ని గూడా ఏమార్చింది" అనేది.

నిన్న, కర్మలన్నీ అయిపోయాక, టీవీ పెడితే ఏదో పాత డబ్బింగ్ సినిమా వస్తోంది. నాయిక నోరు తెరిచి ఏడ్చింది, అత్త గొంతుతో. నాయనమ్మ లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి టీవీ అద్దం మీద చెయ్యి పెట్టింది.

"ఈడనే ఉండానమ్మా. ఎంతసేపైనా ఏడువు" అంది.

అంతలో పాట మొదలైంది. నాయిక కొండల్లో నవ్వుతూ పరుగెడుతోంది. నాయనమ్మ చెయ్యి తియ్యలేదు.