మూడో చరణం దగ్గర ఆగిన ఊపిరి

మే నెలలో ఒక ఆదివారం ఆరాధనలో మూడో చరణం ఎత్తుకున్నాను. సగంలో ఊపిరి అందలేదు, దగ్గు వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద శనగగింజంత ఎర్రటి చుక్క. నేను కొంగు మడుచుకునేలోపు వెనక వరుసలోని రూతమ్మ వదిన ఆ చరణం అందుకుంది. పదిహేనేళ్లుగా మా తెలుగు చర్చి సంఘంలో పాట ఎత్తేది నేనే. ఆ రోజు రక్తం చూసినదానికన్నా ఆవిడ గొంతు విన్నందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఉన్నమాటే రాస్తున్నాను.

మాది అగ్రికో, సువర్ణరేఖ నది ఒడ్డున ఉక్కు కంపెనీ ఊళ్లో ఒక కాలనీ. మా ఆయన కాంట్రాక్టు వెల్డరు. మర్నాడే ఆయనా మా అమ్మాయీ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు, రెండు చిన్న డబ్బాల్లో కఫం పట్టారు. సీబీనాట్ అనే కఫం పరీక్ష పాజిటివ్ అని వచ్చింది. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది: "టీబీ హై. ఛే మహీనే దవా. ఏక్ దిన్ భీ నహీ ఛోడ్నా." ఆరు నెలలు, ఒక్క రోజు కూడా మానకూడదని.

మొదటి నెల నరకం. మాత్ర మింగగానే కడుపులో తిప్పేది, మూత్రం నారింజ రంగులో వచ్చేది. మా ఆయన డ్యూటీకి వెళ్లేముందు గంజి కాచి పెట్టేవాడు. రెండో నెలకు దగ్గు తగ్గింది, నాలుగో నెలకు నాలుగు కిలోలు పెరిగాను.

ఆగస్టులో రూతమ్మ ఆరాధనలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. చలికాలంలో ఆవిడ కొన్ని వారాలు గుడికి రాలేదు, గుండెల్లో నెమ్ము అన్నారు. ప్రభువు తన నెమ్ము నయం చేశాడని చెప్పింది. మందుల మాట ఒక్కటి లేదు. సంఘమంతా నిలబడి స్తోత్రం చెప్పింది. నేను మాత్రం కూర్చునే ఉన్నాను. రోజూ గుప్పెడు మాత్రలు మింగుతున్న నన్ను వదిలేసి దేవుడు ఆవిడ మాట ముందు విన్నాడా అని లోపల రగిలిపోయాను.

వానలు తగ్గాయి. సువర్ణరేఖ ఒడ్డు రెల్లు పూలతో తెల్లబడింది. బిర్సానగర్ బస్తీలో రూతమ్మ గుమ్మం ముందు పారిజాతాలు రాలేవి. ఆవిడ వాటిని పళ్లెంలో పోసుకుని గుడికి తెచ్చేది. ఆ వాసన కూడా నాకు గిట్టేది కాదు. అక్టోబరులో మా కోత పండుగ. పెరట్లో కాసిన తొలి కాపు బలిపీఠం ముందు పెట్టి, మేలు పొందినవాళ్లు ఆ రోజు సాక్ష్యం చెప్తారు. మా క్వార్టరు కప్పు మీద ఆనపపాదు బాగా కాసింది. ఆ కాయ పట్టుకుని నేనూ లేచి నిలబడాలి. కానీ ఇంకా మాత్రలు మింగుతున్న మనిషి బాగయ్యానని ఎలా చెప్తుంది? అందుకని పండుగకు మూడు వారాల ముందే మానేశాను. మిగిలిన స్ట్రిప్పులు బియ్యం డబ్బాలో దాచి, డాక్టరమ్మ చాలంది అని ఇంట్లో అబద్ధం చెప్పాను.

పండుగ రోజు లేచి, మందు లేకుండా నిలబడ్డానని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. రూతమ్మ మాత్రం తల దించుకుంది. కుళ్లుకుంటోంది అనుకుని సంతోషించాను.

డిసెంబరుకు సాయంత్రం జ్వరాలు మొదలయ్యాయి. దగ్గు తిరగబెట్టింది. మాత్రలు మధ్యలో మానేశావా అని డాక్టరమ్మ అడిగింది. బియ్యం డబ్బాలో దాచిన స్ట్రిప్పుల సంగతి చెప్పేశాను. "మమ్మీ, తుమ్నే ఝూఠ్ బోలా," అబద్ధం చెప్పావంటూ మా అమ్మాయి ఏడ్చింది. మళ్లీ సీబీనాట్ చేశారు. అదృష్టం కొద్దీ మందు ఇంకా పనిచేస్తుందన్నారు. కానీ కోర్సు మొదటి రోజు నుంచీ వేసుకోవాలి.

సంగతి తెలిసి ఆ వారమే రూతమ్మ మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి ఖాళీ స్ట్రిప్పులు నా మంచం మీద గుమ్మరించింది.

"ఏటి వదినా ఇవి?" అన్నాను.

"నావే. ఆరు నెల్లూ మింగేను. ఒక్క రోజూ మాన్లేదు."

"మరి గుడిలో ఆ మాట సెప్పలేదేటి?"

"టీబీ అంటే పక్కన ఎవులూ కూకోరని సిగ్గేసింది. నువ్వు లెగిసి మందు నేకుండా అన్నప్పుడు, నా సాక్ష్యం ఇనే మానేసేవని బోదపడింది. అప్పుడేనా సెప్పాల్సింది. నోరు రానేదు వదినా."

నాకు కోపం వచ్చింది. కాసేపటికి, ఇన్ని నెలలు నేను చూసి ఏడ్చింది కూడా నాలాగే భయపడిన మనిషినే కదా అనిపించింది. వెళ్లేముందు ఆవిడ, "రేపట్నుంచి నువ్వు మింగడం నాను సూడాల," అంది. అన్నట్టే ఆరు నెలలూ పొద్దున్నే వీడియో కాల్ చేసి, మాత్ర మింగాక నోరు తెరిచి నాలుక కూడా ఎత్తించింది. ఆ తర్వాత నిమిషం పాటు ఇద్దరం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాళ్లం.

జూన్‌లో ఎక్స్‌రే క్లియర్ వచ్చింది. ఈ ఏడాది కోత పండుగకు ఇద్దరం పక్కపక్కన నిలబడి, టీబీ అని పేరు పెట్టి, మాత్రల సంగతీ చెప్పాం. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరూ లేచిపోలేదు. ఆవిడ తెచ్చిన గుమ్మడికాయ నా ఆనపకాయ కంటే పెద్దది. కొంచెం కడుపు మండింది, దాచను. మూడో చరణం దగ్గర నాకు ఇంకా ఊపిరి చాలదు. అక్కడికి రాగానే నేనే ఆవిడ వైపు చూస్తాను, ఆవిడ అందుకుంటుంది.

టీబీ మందు వేసుకుంటున్నవాళ్లకు ఒక్క మాట. ఒళ్లు తేలికపడ్డా, ఎవరి సాక్ష్యం విన్నా, డాక్టరే స్వయంగా ఆపమనేదాకా మాత్ర ఆపకండి. రోజూ మీరు మింగాక నోరు తెరిపించి చూసే మనిషిని ఒకరిని పెట్టుకోండి.