మస్తాన్ ఉస్తాద్ చేయించిన రెండో అచ్చు

సీసం కరుగుతున్నప్పుడు అందులో చిన్న తేనెమైనం ముక్క వేస్తే ఒక పొగ లేస్తుంది. తియ్యగా మొదలై చివర్లో గొంతు పట్టుకునే వాసన. నిన్న మధ్యాహ్నం మా లేత్ షాపు వెనక లచ్చన్న మామ వలకు కట్టే గుండ్లు పోసుకోవడానికి పొయ్యి పెట్టాడు. గోదావరిలో చేపలు పట్టే మనిషి, డెబ్బై దాటినా వల వదలడు. నేను లోపల ఒక షాఫ్టుకు మరలు తీస్తున్నాను. కిటికీలోంచి ఆ వాసన వచ్చేసరికి చేతిలో పని ఆగిపోయింది. ముప్పై ఏళ్ల కింద, మస్కట్ కొండల వెనకున్న అమెరాత్‌లో, రేకుల షెడ్డు కింద మస్తాన్ ఉస్తాద్ పక్కన నిలబడి పీల్చిన వాసన అది. మిషన్ ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను.

మస్తాన్ ఉస్తాద్‌ది కడప. నేను ఐటీఐ టర్నర్ సర్టిఫికెట్ పట్టుకుని జగిత్యాల నుంచి ఒమాన్ వెళ్లింది ఎనభైల చివర్లో. ఆ వర్క్‌షాప్‌లో ఆయనే పెద్ద మిస్త్రీ. సన్నటి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్, మాట తక్కువ. నా తెలుగు ఆయనకు నవ్వు, ఆయన తెలుగు నాకు నవ్వు. బావుల మోటార్ల షాఫ్టులు, బుల్డోజర్ల పిన్నులు, ఏది వచ్చినా చేసేవాళ్లం. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. పూర్తయిన పనిని ఆ రోజే ఎవరికీ ఇచ్చేవాడు కాదు. గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి, మర్నాడు పొద్దున టీ తాగాక మళ్లీ మొదటి నుంచి కొలిచి, అప్పుడు ఇచ్చేవాడు. "పని ఒగ రాత్రి పండుకోవల్లప్పా. నిన్నటి కన్ను వేరు, ఈపొద్దు కన్ను వేరు" అనేవాడు. నాకు అప్పుడు ఇరవయ్యారేళ్లు. అది ముసలి చాదస్తమని మనసులో అనుకునేవాణ్ణి, ఒకటి రెండుసార్లు పైకే అన్నాను కూడా.

తొంభైల మొదట్లో ఒకరోజు హమూద్ బాబా వచ్చాడు. మా అర్బాబ్‌కు, అంటే ఆ వర్క్‌షాప్ యజమానికి, దూరపు చుట్టం. కొండ ఊరి మనిషి, తెల్లగడ్డం, వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో కొన్నేళ్లు ఉండడం వల్ల హిందీ వచ్చు. ఆయన దగ్గర తండ్రి వదిలిపోయిన పాత రైఫిల్ ఉంది. గొట్టం కింద ఇంకో సన్న గొట్టం ఉంటుంది, తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, కింద లివరు లాగితే ఒక్కొక్కటే పైకి వస్తుంది. దానికి సరిపోయే తూటాలు దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. పాత ఖాళీ తూటాలకే ఆయన సీసపు గుండ్లు పోసి బిగించుకుంటాడు. తండ్రి వాడిన అచ్చు మొన్నటి వాగు వరదలో సామాన్లతో పాటు కొట్టుకుపోయింది. సూక్‌లో, అంటే అక్కడి బజారులో, ఇంకోటి కొన్నాడు, గుండ్లు ఎటు పడితే అటు పోతున్నాయి.

ఇది సరదా వ్యవహారం కాదని ఆయన కూర్చున్నాక చెప్పాడు. బందూకు అన్నదమ్ములిద్దరిది. తండ్రి పెట్టిన షరతు ఒకటుంది. పెద్ద పండుగ, అంటే బక్రీద్ నాడు, వాగు అవతలి గట్టు మీద ఒక తెల్లరాయి పెడతారు. పెద్దవాడైన బాబా దాన్ని కొట్టగలిగినంత కాలం బందూకు ఆయన ఇంట్లో ఉంటుంది. కొట్టలేని ఏడు తమ్ముడికి అప్పజెప్పాలి. "మా నాన్న చెయ్యి దాని మీద ఇంకా ఉన్నట్టే ఉంటుంది" అని తన అరచేయి చూసుకున్నాడు.

బందూకు షాపు గడప దాటి లోపలికి రాలేదు. ఆయనకు లైసెన్సు ఉంది, అర్బాబ్ ఒప్పుకున్నాడు, అయినా ఉస్తాద్ ససేమిరా అన్నాడు. బతుకుదెరువుకు వచ్చినవాళ్ల చేయి పరాయి దేశంలో బందూకు మీద పడకూడదని ఆయన లెక్క. "దాని గొట్టంలో మెత్తటి సీసం ముక్క ఒగటి దూర్చి ఇంటికాడనే అటు నుంచి ఇటు తొయ్యి బాబా. ఆ ముక్క తే చాలు, గొట్టం నోరు తెరిచి చెప్పేదంతా దాని మీద రాసుంటాది" అని హిందీలోకి మార్చి చెప్పాడు. ఆ తర్వాత సూక్ అచ్చులో పోసిన గుండును చేతిలో తిప్పి చూశాడు. మొన తేలి, చూడ ముచ్చటగా ఉంది.

"గిది మంచిగనే ఉన్నది గద ఉస్తాద్. మొన ఉంటె దూరం పోతది" అన్నాను నేను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. బల్ల మీద నాలుగు బోల్టులు ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టాడు. "ఆ గొట్టంలో ఇట్ల నిలబడతాయి. ఒగదాని ముక్కు ముందుదాని ముడ్డికి తగిలి ఉంటాది. ఆ ముడ్డిలోనే నిప్పు పుట్టే టోపీ ఉండాది. బందూకు అదిరినప్పుడు మొన పోయి టోపీకి గుచ్చుకుందనుకో, ముసలాయన చేతులు మిగలవు" అన్నాడు. హమూద్ బాబా చేత ఆ అచ్చు మళ్లీ వాడనని ఒట్టు వేయించుకున్నాడు. "ముక్కు చదునుగా ఉండల్ల. ఒళ్లు గొట్టానికి నిండుగా ఉండల్ల. అచ్చు ఎంచుకునేటప్పుడు ఈ రెండూ చూసినాకనే అందం" అన్నాడు నాతో. బోల్టులు డబ్బాలో వేసేసి మళ్లీ తన పనిలో పడ్డాడు.

వారానికి బాబా సీసం ముక్క తెచ్చాడు. దాని చుట్టూ గొట్టం లోపల మెలితిరిగి ఉండే గాడుల ముద్ర పడింది, కొన్నిచోట్ల గట్టులా ఉబ్బి, కొన్నిచోట్ల కాలువలా దిగి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉస్తాద్‌కు కిడ్నీలో రాయి నొప్పి వచ్చి రూమ్‌లో మంచాన పడ్డాడు. తాను లేచేదాకా ఆగమని కబురు పంపాడు. నేను ఆగలేదు. ఒక్కణ్ణే చేసి ఆయన ముందు పెట్టాలని నాకు ఉబలాటం. మైక్రోమీటర్ నోట్లో ముక్కను పెట్టాను. కాలువల దగ్గర కొలిస్తే వచ్చిన అంకె, బందూకు మీద చెక్కి ఉందని బాబా చీటీ మీద రాసిచ్చిన అంకెకు చక్కగా కలిసింది. అంకె కలిసిన ఆనందంలో గట్లను కొలవాలన్న ఆలోచనే రాలేదు. రెండు రోజుల్లో అచ్చు చేశాను. అద్దంలా మెరిసేదాకా రుద్దాను. ఆ సాయంత్రమే బాబా వస్తే, ఒక్క రాత్రి కూడా పండుకోబెట్టకుండా ఆయన చేతిలో పెట్టేశాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని, నా చేతుల్లో ఒక పొట్లం ఖర్జూరాలు పోసి వెళ్లాడు.

పది రోజులకు తిరిగొచ్చాడు. ఉస్తాద్ అప్పటికి డ్యూటీకి వస్తున్నాడు. బాబా అచ్చును, అందులో పోసిన ఒక గుండును బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని నేల చూపులు చూశాడు.

"ఆంఖ్ ఖలాస్, ఉస్తాద్" అన్నాడు, తన కళ్ల పని ఇక అయిపోయిందని.

ఇరవైసార్లు కాల్చాడట. ఒక్కటి కూడా రాయి దరిదాపులకు పోలేదు. కొత్త అచ్చు ఇంత బాగుంది కాబట్టి ఇక లోపం తన కళ్లదేనని తేల్చుకున్నాడు. పండుగ దాకా ఆగి నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకు, వచ్చే శుక్రవారమే తమ్ముణ్ణి పిలిచి ఇచ్చేస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "పిల్లవాడి పని చాలా బాగుంది. దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. ఉస్తాద్ ఆ గుండును వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, బల్ల మీద పెట్టి నమాజుకు వెళ్లిపోయాడు.

ఆయన అటు పోగానే నేను సొరుగులోని సీసం ముక్క తీసి మళ్లీ కొలిచాను. ఈసారి గట్ల మీద. నా గుండు దానికంటే సన్నం. గాడులను పట్టుకోలేక గొట్టంలో అటూ ఇటూ కొట్టుకుంటూ పోయే గుండు అది, ప్రపంచంలో ఏ కన్నూ దాన్ని రాయికి చేర్చలేదు. అది సోమవారం. ఆ పూటే చెప్పాల్సింది, చెప్పలేదు. పెద్ద మిస్త్రీ కావాలన్న ఆశ, ఆగమన్నా ఆగలేదన్న భయం, అన్నిటికీ మించి సిగ్గు. బాబాకు వయసైన మాట నిజమే కదా, ఎప్పటికైనా ఇచ్చేదే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మంగళవారం కూడా అలాగే గడిచింది. టీ తాగుతుంటే బాబా భుజం తట్టిన చోటు బరువుగా ఉండేది. బుధవారం పొద్దున ఉస్తాద్ మిషన్ ఆన్ చేయబోతుంటే చేయి పట్టుకుని ఆపాను.

"ఉస్తాద్, బాబా కండ్లు మంచిగనే ఉన్నయ్. అచ్చు నేనే తప్పు చేసిన."

ఆయన తిట్టలేదు. గట్టిగా ఒక ఊపిరి వదిలి, "ఇనుప దిమ్మె తీసుకో" అన్నాడు. ఆ రోజు అచ్చు ఆయన చేయలేదు, నా చేతనే చేయించాడు. గట్లను మూడు చోట్ల కొలిపించాడు, ఆ కొలతకు వెంట్రుకవాసి ఎక్కువే ఉంచమన్నాడు. ముక్కు చదును చేయించాడు. రుద్దుతుంటే మాత్రం "మెరుపు చాల్లేప్పా" అని ఆపాడు. గురువారం అది గుడ్డలో పండుకుంది. శుక్రవారం పొద్దున మళ్లీ కొలిచి, కంపెనీ పికప్‌లో కొండ ఊరికి బయల్దేరాం.

మేం వెళ్లేసరికి వరండాలో చాప మీద పదిమంది దాకా ఉన్నారు. తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. మధ్యలో తెల్లగుడ్డ చుట్టిన పొడుగాటి మూట. ఉస్తాద్ సలాం చెప్పి ఒక పక్కకు జరిగి, "నువ్వే చెప్పల్ల" అన్నాడు తెలుగులో. అందరూ నన్ను చూస్తున్నారు. నాకు వచ్చిన హిందీ అంతంత మాత్రం, అదీ సగం అరబ్బీ కలిసిన సైట్ హిందీ.

"బాబా, ఆంఖ్ తమామ్ హై. సాంచా ఖరాబ్. మై ఖరాబ్ కియా" అన్నాను, కళ్లు బాగున్నాయి, అచ్చే చెడ్డది, చెడగొట్టింది నేనే అని. మొన్న సోమవారమే నాకు తెలుసని, రెండు రోజులు దాచానని కూడా చెప్పాను. అది చెప్పమని ఉస్తాద్ అనలేదు, అదే వచ్చేసింది.

హమూద్ బాబా తమ్ముడి వైపు తిరిగి, చిన్నపిల్లవాడిలా, "నా కళ్లు పోలేదంట" అన్నాడు. నేను తల వంచుకుని ఏడ్చాను.

నమాజయ్యాక ఇంటి వెనక పొయ్యి వెలిగించారు. సీసంలో తేనెమైనం వేశారు, ఆ పొగ లేచింది. కొత్త అచ్చులో పోసిన గుండ్లు చల్లారాక బాబా తీరిగ్గా తూటాలకు బిగించుకున్నాడు. మేం దూరంగా ఖర్జూరపు చెట్ల కింద నిలబడ్డాం. మొదటిది రాయికి జానెడు కింద దుమ్ము లేపింది. రెండోది రాయిని రెండు ముక్కలు చేసింది. తమ్ముడే పరుగెత్తుకెళ్లి ఆ ముక్కలు ఏరుకొచ్చి అన్న ఒళ్లో పోశాడు.

తిరుగు దారిలో అడిగాను, "మీకు ఎప్పుడు తెలిసింది ఉస్తాద్?"

"సోమవారమే. గుండు చేతిలోకి తీసుకుంటానే తెలిసిపాయె."

"మరి చెప్పకపోతిరి?"

"నువ్వు చెప్తావేమోనని సూసినా." కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు, "నువ్వు చెప్పకున్నా ఈపొద్దు నేనొచ్చేవాణ్ణిలే. కాకపోతే ఆ ముసలాయన రెండు దినాలు ఎక్కువ కుమిలినాడే, దాంట్లో సగం పాపం నాది. నాకూ బువ్వ దిగలేదప్పా."

ఆ ఒక్క విషయంలో ఆయనతో నాకు ఇప్పటికీ పేచీయే. నన్ను మనిషిని చేయడానికి ఆ పెద్దాయనను రెండు రోజులు ఎక్కువ ఏడిపించడం న్యాయమా అని మనసులో ఎన్నోసార్లు పోట్లాడాను. జవాబు చెప్పడానికి ఆయన లేడు. నేను తిరిగొచ్చిన నాలుగేళ్లకు కడపలోనే పోయాడు, నాకు తెలిసేసరికి నెల దాటింది. చివరి చూపు దక్కలేదన్న బాధ నన్ను ఇంకా వదల్లేదు.

హమూద్ బాబా ఆ పండుగకు రాయి కొట్టాడు, ఆ తర్వాత ఇంకో రెండు పండుగలకూ కొట్టాడు. నాలుగో ఏడు షాపుకు వచ్చి, నవ్వుతూ, "ఈసారి నిజంగా ఖలాస్" అన్నాడు. అచ్చు మంచిదే, గుండు మంచిదే, కన్నే మసకబారింది. బందూకు తమ్ముడికి తన చేత్తో ఇచ్చి వచ్చాడు. ఆ ముఖంలో మొదటిసారి చూసిన దిగులు లేదు. ఆ రోజు నా దగ్గరున్న సీసం ముక్కను తిరిగి ఇవ్వబోతే, నా పిడికిలి మూసి, నువ్వే ఉంచుకో అన్నాడు. ఇప్పుడది మా షాపులో మైక్రోమీటర్ పెట్టే పెట్టెలోనే ఉంటుంది.

నిన్న నేను వెనక్కి వెళ్లేసరికి లచ్చన్న మామ దిగాలుగా కూర్చుని ఉన్నాడు. పోసిన గుండ్లు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం.

"చెయ్యి వణుకుతున్నది రాజేశం. ఇగ నాతోని గాదు. వల మనుమనికి ఇచ్చేస్త" అన్నాడు.

ఆయన చేతులు చూశాను. తర్వాత ఆ చేతుల్లోని అచ్చు చూశాను. పోయిన ఎండాకాలం, ఏదో తొందరలో, ఒకే పూటలో చేసిచ్చేశాను దాన్ని.

"ఆగు మామా, గా అచ్చు ఇటు తే" అని, పెట్టె కోసం లోపలికి నడిచాను.