ఆరో టెర్మినల్

దెయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. కంప్యూటర్‌ని మాత్రం గుడ్డిగా నమ్మేవాణ్ని. చిక్కంతా అక్కడే వచ్చింది.

తొంభైల చివర్లో అమలాపురంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజ్ చెప్పేవాణ్ని. ఒకే సర్వరు, దానికి వైర్లతో కలిపిన ఎనిమిది టెర్మినళ్లు. టెర్మినల్ అంటే ఒక తెర, ఒక కీబోర్డు, అంతే. ఎవరి సీటు వారిదే. ఆరోది, సర్వరు లెక్కలో టీటీవై సిక్స్, సఖినేటిపల్లి నుంచి వచ్చే సత్యవతిది. కోర్సు పూర్తిచేస్తే రాజోలులో ఒక ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారట. అది వస్తే ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్లడం తప్పుతుందని ఆ అమ్మాయి ఆశ.

ఇంతలో పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు మాయమవడం మొదలైంది. నడుస్తున్న ప్రోగ్రామ్ ఏ టెర్మినల్ మీద నడుస్తోందో సి లో కనుక్కోవచ్చు. ఫైలు ఎవరు చెరిపినా వాళ్ల పేరు, టెర్మినల్ పేరు, టైము రాసిపెట్టేలా ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. రెండోరోజే దొరికింది. సత్యవతి, టీటీవై సిక్స్.

"నేను కాదండి. అప్పటికింకా బస్సు దిగలేదండి" అంది.

బస్సు సాకు అందరూ చెప్పేదే అనుకున్నాను. వాళ్ల నాన్నగారిని పిలిపించి, పిల్లని పంపేశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు కాలరెగరేసుకుని తిరిగాను కూడా.

ఆమె లాగిన్ తీసేశాను. ఆరో టెర్మినల్ వైరు పీకి బీరువా మీద పెట్టించాను.

ఓ పదిరోజులకి, మధ్యాహ్నం క్లాసు. అందరూ బోర్డు చూసి నోట్సు రాసుకుంటున్నారు. కీబోర్డు మీద ఒక్క చెయ్యీ లేదు. "సార్, నా ఫైలు పోయిందండి" అంది, నోట్సయ్యాక ఫైలు తెరవబోయి, ముందు వరస అమ్మాయి.

నా ప్రోగ్రామ్ రాసిపెట్టింది చూశాను. సత్యవతి, టీటీవై సిక్స్. టైము సరిగ్గా అందరూ నోట్సు రాసుకుంటున్న నిమిషమే.

స్టూలెక్కి బీరువా మీద చూశాను. టెర్మినల్ దుమ్ముకొట్టుకుని ఉంది, దాని వైరు చుట్టింది చుట్టినట్టే ఉంది. దిగి కాకినాడకి ఫోన్ చేశాను.

కాకినాడ నుంచి ఇంజనీరు వచ్చేడు. "వైరు లేకపోయినా ఆ టెర్మినల్ పేరు సర్వర్లో ఉంటుందండి. లేని లాగిన్‌తో లోపలికొచ్చిందెవరో మాత్రం నాకూ తెలీదండి" అన్నాడు.

ముఖం చెల్లక నాలుగు నెలలు ఆగి, సఖినేటిపల్లి వెళ్లాను. వాళ్లమ్మగారు అరుగు మీద చీపుర్లకి కొబ్బరి ఈనెలు చీరుతున్నారు. సత్యవతి కువైట్ వెళ్లి పదిహేను రోజులైందట.

"మీరు చెప్పేరు కదాని వాళ్ల నాన్నగారు కొట్టేరండి. నేను కాదు మొర్రో అని ఏడ్చిందండి. మేస్టారు అబద్ధం చెప్తారేంటండీ అనుకున్నాం."

నిజం చెప్దామనే వెళ్లాను. మీ పిల్ల తప్పేం లేదని మాత్రం చెప్పలేదు. ఆ పేరు సర్వర్లో ఎలా పడిందో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. ఆ సంగతీ ఆవిడకి చెప్పలేదు. కాఫీ ఇస్తే తాగి, బస్సెక్కి వచ్చేశాను.