సబ్బు ఇటుకల ఊరు

వానాకాలం మొదలైందంటే మా వెనక సందులో ఒక చప్పుడు వినిపిస్తుంది. మురుగుకాలవ మీద పరిచిన ఇటుకల్లో ఒకటి కదులుతుంది, ఎవరు కాలు పెట్టినా టక్కుమంటుంది. యాంగోన్‌లో, అందులోనూ మా పజుండౌంగ్‌లో, చప్పుళ్లకేం కరువు? అయినా అది వినగానే నాకు మా సయామ గుర్తుకొస్తుంది. బర్మా భాషలో పంతులమ్మను సయామ అంటారు. ఆవిడ పేరు రత్నమ్మ అని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు తన ముందుగదిలో చాప పరిచి మా వీధి తెలుగు పిల్లలకు అక్షరాలు దిద్దించేది. మా ముత్తాతలు రేవులో మూటలు మోయడానికి విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు. మేమేమో తెలుగు వింటే అర్థమయ్యి, నోరు తెరిస్తే బర్మా మాట్లాడే రకం. గుణింతాలకు మేం ఆవలించడం మొదలుపెట్టగానే మొహెంజొదారో కబుర్లు ఎత్తుకునేది. వేల ఏళ్ల కిందట సింధు నది పక్కన వెలసిన ఆ ఊరంటే ఆవిడకు పుట్టింటి మీద ఉన్నంత మమకారం. ఏ రాజు కట్టించాడని అడిగితే మాత్రం మూతి తిప్పేది. "రాజు పేరు ఎవులికీ తెల్దు. ఆ ఊరి కాలవలు మాత్తరం ఇప్పటికీ ఉన్నాయి. ఏది గొప్పో మీరే సెప్పండి!"

ఒకసారి బట్టల సబ్బు తెచ్చి దారంతో కోసి ఇటుకలు చేయించింది. మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడుగు, అప్పటివాళ్ల కొలతే. రేకు పళ్లెంలో తిన్నని వీధులు వేశాం, ఇళ్లు కట్టాం, గోడలు చూసుకుని మురిసిపోయాం. ఆవిడ చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లకు ఎటూ దారి లేదు. చూస్తుండగానే ఊరంతా జారి, నురగై, ముద్దయింది. మేం లబోదిబోమంటే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. "ఏటర్రా, ఇల్లు కట్టీసి నీల్లని మర్సిపోతారేటి? ముందు నీల్లకి దారి గియ్యండి, ఆనక తలుపు ఎట్టుకోండి." ఆ ముద్దతోనే మా చెప్పులు కడిగించి ఇంటికి పంపింది.

తర్వాతి ఆదివారం కాలవ గీసుకునే కట్టాం. అప్పుడే నేను అడిగాను, "సయామా, ఆ ఊళ్లో కాలవ మీద ఎవులూ ఇల్లు కట్టనేదు కదా, మరి మీ వంటగది?" ఆవిడ వంటగది వెనక సందులో కాలవ మీదే ఉండేది. పోయిన భర్త ముచ్చటపడి కట్టించిన గది అది. ఆ వీధిలో సగం ఇళ్లవాళ్లదీ అదే పని. కానీ మాది ఆవిడ పక్కిల్లే. వాన పడితే నీళ్లు ఆ వంటగది దగ్గర ఆగి మా ఇంట్లోకి ఎదురు తన్నేవి. కాళ్లు పడిపోయిన మా నాయనమ్మ మంచం కిందికే మురుగు వచ్చేది. మొగమాటం కొద్దీ మా ఇంట్లో ఎవరూ నోరు మెదపలేదు. సయామ నన్ను తిట్టలేదు. వంటగది వైపు చూసి, "ఇయ్యాల్టికి ఎల్లండి" అంది.

మళ్లీ ఆదివారం నాటికి మేస్త్రీ గోడ పడగొడుతున్నాడు. మంచం మీద నుంచే నాయనమ్మ కేకలు. "ఓలమ్మ, ఇదేటి పనే! నీ మొగుడు ముచ్చటపడి కట్టిన గది కదే!"

"నాకోసం కట్టేడప్పా. నీ మంచం కిందికి నీల్లు తేడానికి కట్టనేదు కదా," అంది సయామ. ఆ మాట అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆవిడ ఏడవగా చూడడం నాకు అదే మొదలు, అదే చివర. కూల్చిన ఇటుకలనే కాలవ మీద మూతలుగా పరిపించింది. సున్నం గానీ సిమెంటు గానీ పెట్టనివ్వలేదు, ఎప్పుడంటే అప్పుడు తీసి పూడిక ఎత్తుకోవాలట, మొహెంజొదారోలో అలాగే చేసేవారట.

ఒక్క గది పోతే వీధంతా బాగుపడిపోదు. ఆ ఏడూ నీళ్లు వచ్చాయి, కాకపోతే గడప దగ్గరే ఆగి వెళ్లిపోయాయి. నాయనమ్మ ఆ వానాకాలం హాయిగా గురకపెట్టి నిద్రపోయింది. సయామ మాత్రం బతికినన్నాళ్లూ ముందుగదిలోనే పొయ్యి పెట్టుకుంది. మిరపకాయల పోపు ఘాటుకు దగ్గుతూ తుమ్ముతూనే మేం ఒత్తులు, దీర్ఘాలు నేర్చుకున్నాం. ఎంత మంచి మనిషి! ఇప్పటికీ పోపు వాసన తగిలితే నాకు అక్షరాలే గుర్తొస్తాయి.

ఇప్పుడు నేను ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏ ప్లాను గీసినా నా పెన్సిలు ముందు నీళ్ల దారి పడుతుంది. సయామ పోయాక ఆ ఇంట్లో అద్దెకు దిగింది కూడా మేమే. పొయ్యి ముందుగదిలోనే. "అందరూ కట్టుకున్నారు, మనమూ వెనక చిన్న గది వేసుకుందాం" అని మా ఆయన ఏటా అంటాడు. పక్కింట్లో, మా నాయనమ్మ మంచం ఉండే చోట, ఇప్పుడు ఎవరిదో పసిబిడ్డ ఉయ్యాల ఊగుతోంది. మొన్న వాన పడుతుంటే పోపు వేశాను. మా అమ్మాయి దగ్గి దగ్గి, "అమా, మనకి వంటగది ఎప్పుడే?" అని అడిగింది. సందులో ఇటుక టక్కుమంది.

"నీల్లని ఎల్లనీ" అన్నాను.